కలిపిన చెయ్యి

బోర్డు మీద వైన్స్ అని ఉంటది.
లోపల వైన్ ఒక్కటి తప్ప అన్నీ ఉంటయ్.
హన్మకొండల మూడు దుకాణాలు తిరిగితే గాని
ఈ సంగతి నాకు సమజ్ కాలే.

మొదటి దుకాణంల పిలగాడు
నా చీరెకంటిన కారం చూసి
"ఎవరి కోసమమ్మా?" అన్నడు.
నాకే, అన్న.
రెండో దుకాణంల ఎవ్వరేం అడుగలే,
అందరూ జరిగి తొవ్వ ఇచ్చిన్రు.
అడిగిందే నయమనిపించింది.

నక్కలగుట్ట కాడి అద్దాల దుకాణంల
గోడ నిండ సీసాలు, పండబెట్టి,
జ్వరమొచ్చిన పిల్లల లెక్క.

పొద్దుగాల్నే బ్యాంకుల ఆఖరి కిస్తు కట్టిన.
గిర్నీ ఇప్పుడు నాది. మోటరు నాది, బెల్టు నాది,
తుమ్ములు మొదటి నుంచే నావి.
లచ్చవ్వ అన్నది:
"ఏడేండ్లు ఎర్రటిది పట్టినం గదక్కా,
ఒక్కసారి ఎర్రటిది తాగుదాం."
పన్నెండు వందలు పక్కకు పెట్టినం,
ఆమెవి నాలుగొందలు, మిగిలినయ్ నావి.

పన్నెండు వందలకు ఫ్రాన్సు ఎంత వస్తది?
పై వరుసలల్ల కోటల బొమ్మలున్న సీసాలు,
ఒక్కోటి అర క్వింటాలు తేజ ధర.
కోట బొమ్మకు పైసలు పెట్టేటోళ్ళం కాదు మేం,
మా ఇంటెనకనే ఉన్నది కోట.
అడుగు వరుసల, కూసుంటే గాని కండ్లవడని కాడ
బొమ్మ లేని ఒక సీసా.
పదకొండు వందల ఎనభై.

దుకాణపు ఓదెలు చదివి వినిపించిండు:
కోత్ దు రోన్. మూడు రకాల ద్రాక్ష.
గ్రెనాష్. సిరా. ముర్వేద్ర్.

కోత అంటే పంట మాటే అనుకున్న.
సిరా అంటే బడిల వేళ్ళకంటుకునేది.
పక్కన నిలవడ్డ సారొకాయన
"ఒక్క రకంది తీసుకోరాదమ్మా,
కలిపిందంటేనే తక్కువది" అన్నడు.

నవ్వొచ్చింది.
ఏనుమాముల యార్డుల, తెల్లారకముందు
బస్తాల నడుమ తిరిగి చూడాలె సారు.
ఉత్త తేజ పట్టిస్తే నాలుక కాలుతది, కూర పాలిపోతది.
ఉత్త చపాట పట్టిస్తే బ్యాండు లేని బరాత్,
రంగు తప్ప సప్పుడుండదు.
ఏది ఎంతో కాయితం మీద లేదు,
నా కుడి చెయ్యికి తెలుసు.
కలుపుడు కల్తీ కాదు.

"ఇండ్ల రంగుకు ఏది, ఘాటుకు ఏది?"
ఓదెలు సీసాను చూసిండు, నన్ను చూసిండు,
"ఇంతవరకు ఎవ్వరడుగలే" అన్నడు.
ఫోనుల వెదికి చెప్పిండు:
గ్రెనాష్ పండు తీపికి,
సిరా రంగుకు, మిరియం ఘాటుకు,
మూడోది వెన్నుపూసకు.
"మూడోది ఎంత?"
"జరంత."
"అయితే పొట్లం కట్టు."

గిర్నీ షట్టరు సగం దించినం.
బిరడా తీసే పనిముట్టు మాకెక్కడిది,
స్క్రూడ్రైవరు పిడితోటి లోపలికే నూకింది లచ్చవ్వ.
స్టీలు గిలాసల నల్లగ కనిపించింది,
బల్బు కింద వంచితే అంచుకు ఎరుపు.

మొదటి గుక్కకు ఆమె మొహం ముడుచుకున్నది.
నేరేడు పండు వగరు.
వానకు తడిసి ఎండిన గోనె వాసన కొంచెం.
"ఖరాబున్నదా?"
"ఖరాబు లేదు, మంచిగ లేదు" అని
మళ్ళ పోసుకున్నది.

మూడో గుక్కకు
నేను కండ్లు మూసుకొని వెదికిన.
ఏ ఊరో తెలువని కాడ
గోర్ల సందుల ఎరుపు పోని ఒక చెయ్యి
ఇది కొంచెం, అది ఇంకొంచెం అని
నాలుకకు రాసుకొని చూసి
చాలు అనుకున్న జాగ
దొరికింది.
నేనైనా అక్కడనే ఆగుదును.

తెల్లారి కలిపేటప్పుడు
ఒక తట్ట తేజ తగ్గించిన.
గిరాకీలు ఏమనలే.
లచ్చవ్వ మాత్రం, జల్లెడ పట్టుకుంట,
"నిన్న తాగింది ఇంక దిగలేదా అక్కా" అన్నది.